టైటానియానికి అసలు కాపలా ఆ పొరే

సంపాదకులకు నమస్కారం.

మీ సైన్స్ పేజీలో టైటానియం మీద వేసిన వ్యాసం బాగానే ఉంది గానీ, "బంగారంలాగా దేనితోనూ కలవదు కాబట్టే తుప్పు పట్టదు" అన్న మాట మాత్రం పూర్తిగా తలకిందులు. టైటానియం ఇట్టే కలిసిపోయే లోహం, అందులోనూ ఆక్సిజన్ అంటే మరీను. ఎక్కడైనా గీత పడితే, గాలో నీళ్లో తగిలిన మరుక్షణమే పైన ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే, కంటికి కనబడదు. కానీ ఇనుము తుప్పులా పెచ్చులూడకుండా లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. సముద్రపు నీళ్లలో ఏళ్ల తరబడి ఉన్నా లోపలి లోహం చెక్కుచెదరకపోవడానికి కారణం ఇదే.

అందుకే ఆ పొర మళ్లీ మళ్లీ కట్టుకునే వీలు లేనిచోట కథ మారిపోతుంది. తడి ఉన్న క్లోరిన్ వాయువును టైటానియం పైపుల్లో నిశ్చింతగా పంపుతారు, అదే బాగా పొడిగా ఉన్న క్లోరిన్ అయితే లోహం అంటుకుని మండిపోయే ప్రమాదం ఉంది. తడి అంటేనే తుప్పు అనుకునేవాళ్లకి ఇది విడ్డూరంగా ఉంటుంది, ఏం చేస్తాం! మెథనాల్‌దీ అదే తంతు. 1966లో అపోలో నౌక ఇంధన ట్యాంకును పరీక్షించేటప్పుడు, అసలు ఇంధనానికి బదులు మెథనాల్ నింపి ఒత్తిడి పెడితే, 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం ఉన్న ఆ మిశ్రమలోహపు ట్యాంకు పగిలిపోయింది. మెథనాల్‌లో కాస్త నీళ్లు కలిసి ఉంటే ఈ బెడద బాగా తగ్గుతుంది.

ఫ్యాక్టరీల్లో ఎక్కువగా విసిగించేది ఇరుకు సందులు. వేడి ఉప్పునీళ్లు పారే పైపు జాయింటు విప్పితే, చుట్టూ లోహం కొత్తదానిలా తళతళలాడుతుంటుంది, లీకు కాకుండా జాయింటు మధ్య పెట్టే గాస్కెట్ కూర్చున్న చోట మాత్రం గుంటలు, తెల్లటి పొడి. సందులో ఆక్సిజన్ అయిపోయి, ఆమ్లం పేరుకుని, పొర కరిగిపోయిందన్నమాట. ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటితే మామూలు టైటానియాన్ని ఇలాంటి చోట నమ్మడం కష్టం. అలాంటప్పుడు 0.12 నుంచి 0.25 శాతం పల్లాడియం అనే లోహం కలిపిన గ్రేడ్ 7 రకం టైటానియం వాడతారు, ఆ చిటికెడుతోనే పొర నిలబడుతుంది. ధర మాత్రం ఎక్కువే. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ముందు అదీ పనికిరాదు.

కాబట్టి "తుప్పు పట్టదు" అని రాసేటప్పుడు ఏ ద్రవంలో, ఎంత వేడిలో, ఏ గ్రేడో కూడా రాయండి, చదివి కొనేవాళ్లుంటారు.

ఇంకోటి, నీలం బోల్టుల ఫోటో కింద "రంగు పూసిన" అని వేశారు. అది పూసిన రంగు కాదు, కరెంటు పెట్టి ఇదే పొరను మందం చేస్తే వెలుతురు వల్ల అలా కనిపిస్తుంది, వోల్టేజీ మారిస్తే రంగూ మారుతుంది. సవరణ వేసేటప్పుడు ఆ మాట కూడా మార్చండి.

ఇట్లు,
మీ పాఠకుడు