బస్సు మెట్టు ఎత్తు తగ్గించండి

ఎడిటర్ గారికి,

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. చాలా మంచి పని. అయితే తిరుపతిలో బర్డ్, స్విమ్స్, రుయా ఆసుపత్రులకు చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు అసలు బస్సెక్కేదెలా? మామూలు బస్సు ఫ్లోరు నేలకు దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, లోఫ్లోర్ బస్సుదైతే 40. స్టాపు అరుగుకు ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకు 180 సెంటీమీటర్ల పొడవు. స్థలం చాలదని కుదిస్తే కుర్చీ వెనక్కి దొర్లుతుంది. స్టాపు ముందు ఆటోలు నిలిపితే బస్సు అరుగును ఆనుకోలేదు, అప్పుడు లోఫ్లోర్ ఉన్నా దండగే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ స్టాపులు, బస్సులు దివ్యాంగులకు అనువుగా ఉంచే బాధ్యతను ప్రభుత్వం మీదే పెట్టింది. కొత్త ఎలక్ట్రిక్ బస్సుల టెండర్లలోనే లోఫ్లోర్, ర్యాంపు షరతులు రాయించాలి.

– ఒక పాఠకురాలు, తిరుపతి