విషయం: ‘పరిష్కరించాం’ అంటూ మీరు మూసేసిన నా ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ టోల్‌ఫ్రీ నంబర్‌లో వచ్చే పాట నాకు కంఠతా వచ్చేసింది కాబట్టి ఈసారి ఉత్తరం రాస్తున్నాను.

నా డీజిల్ కారులో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలిగి నేటికి 40 రోజులు. మొదటిసారి వెళ్తే సర్వీస్ అడ్వైజర్ బానెట్ కూడా ఎత్తలేదు. "ఔటర్ మీద 20 నిమిషాలు ఆగకుండా తోలండి సార్, మసి దానంతటదే కాలిపోతుంది" అన్నాడు. తోలాను. ఆరింది. వారానికి మళ్ళీ వెలిగింది. రెండోసారి ఇంకొకాయన "సిటీలోనే తిప్పుతున్నారా?" అన్నాడు, నేనేదో నేరం చేసినట్టు. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి, ఇంకెక్కడ తిప్పాలి? 2021లో ఇదే సంగతి చెబితేనే కదా మీవాళ్ళు "మీకు డీజిలే బెస్ట్" అన్నది! బీఎస్ 6 కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన డీజిల్ బండికి ఇలాంటి ఫిల్టర్ ఉంటుందని, ట్రాఫిక్‌లో అది చాలినంత వేడెక్కక మసి పేరుకుంటుందని అప్పుడు ఒక్కరూ నోరు విప్పలేదు.

తర్వాత పికప్ పడిపోయి, భరత్‌నగర్ ఫ్లైఓవర్ మీద ఆటోవాళ్ళ చేత కూడా హారన్ కొట్టించుకున్నాను. ఇంజిన్ ఆయిల్ మట్టం పెరుగుతోంది, డీజిల్ కలుస్తోందేమో చూడమంటే "ఆయిల్ పెరిగితే మంచిదేగా సార్" అన్నాడు మీ మహానుభావుడు. చివరికి ఫిల్టరే మార్చాలన్నారు. వారంటీ వర్తించదట, తప్పు నా వాడకానిదట. రాసివ్వమంటే మాత్రం ఎవరూ ఇవ్వరు.

కాల్ సెంటర్‌లో నలుగురితో మాట్లాడాను. నలుగురికీ బండి నంబర్ నుంచి మొదలుపెట్టాను. "48 గంటల్లో సీనియర్ ఫోన్ చేస్తారు" అన్నారు. వచ్చింది మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి! ఒక స్టార్ ఇచ్చాను. సాయంత్రానికల్లా ఫోన్ మోగింది. కారు గురించి కాదు, "ఐదు ఇవ్వండి సార్, మాకు ప్రాబ్లమ్ అవుతుంది" అని.

మా నాన్నగారు నడిపింది మీ బండే. నా మాట విని మా తోడల్లుడూ మీదే కొన్నాడు. ఇప్పుడు అతని ఫోన్ ఎత్తాలంటే మొహమాటంగా ఉంది.

పని తెలిసిన మనిషి ఒకరు నా కారు చూసి, ఏం చేయాలో కాగితం మీద రాసివ్వాలి. అది కూడా కుదరదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, ఆదివారం పూట మీ షోరూం గేటు ముందే బండి పెట్టి, కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ కథంతా చెప్తాను.

ఇట్లు,
ఇంకా మీ కస్టమరే

తా.క.: ఇది చదివాక రేటింగ్ అడగొద్దు.