పార్కులో తినే మొక్కలు: మన కాలనీ సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, చవితి పందిరి ఎప్పటిలాగే అయ్యాయి. వాటి ఖర్చులు కోశాధికారిగారి పద్దుల్లో ఉన్నాయి. ఈ ఏడాది చెప్పుకోవాల్సింది పార్కు సంగతే.

క్రోటన్ల బదులు తినేవి వేద్దామని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. కడియం నర్సరీల్లో పూల మొక్కల మీంచి చూపు మరల్చుకోవడం కష్టమే అయినా, జాబితా దాటకుండా మునగ, కరివేపాకు, బొప్పాయి, నిమ్మ, పనస తెచ్చాం.

ప్లాను గీసింది మాత్రం మే నెలలో. కాలువలకు నీళ్లు కట్టేసిన రోజులు, నేలంతా నెర్రెలు. పల్లమేదో మెరకేదో కంటికి ఆనలేదు. ఎండ బాగా తగులుతుందని బొప్పాయి వరసంతా గేటు పక్కన వేశాం. జులైలో మూడు రోజులు ముసురు పట్టింది. మన జిగట మట్టిలో నీరు ఓ పట్టాన ఇంకదు కదా. వాన వెలిసేసరికి ఆకులు పసుపెక్కి వేలాడాయి, మొదలు దగ్గర నొక్కితే వేలు దిగిపోయింది. బొప్పాయి వేరు ఒకటి రెండు రోజులు నీళ్లలో నానినా కుళ్లిపోతుందని పక్క ఊరి రైతు ఒకాయన తరవాత చెప్పారు. ముందే అడగకపోవడం కమిటీ తప్పు.

ఆగస్టులో వాన కురుస్తుండగానే గొడుగులేసుకుని తిరిగి, నీరు నిలిచిన చోటల్లా వెదురు పుల్లలు పాతాం. ఆ పుల్లలే మన కొత్త ప్లాను. పల్లంలో చేమ, పొన్నగంటి. మెరకలో మట్టి దిమ్మెలు పోసి మునగ, నిమ్మ. పాత చెట్ల నీడన అల్లం, పసుపు. మునగ కొమ్మ పెళుసు, గాలికి విరుగుతుంది కాబట్టి ఉయ్యాలలకు దూరంగా పెట్టాం. వానల్లో దాని కాండానికి గొంగళి పురుగులు గుంపుగా పట్టాయి. పిల్లలు తిరిగే చోటు కనుక మందు కొట్టకుండా కాగడాతో కాల్చి సరిపెట్టాం.

కరివేపాకు మొక్కనొకదాన్ని ఎవరో నిలువునా విరుచుకుపోయారు. పేరు రాయడం లేదు గానీ, ఆ పూట పులుసు వాసన వీధంతా వచ్చింది. ఇకపై రెబ్బలు గిల్లుకోవచ్చు, కొమ్మ విరవకూడదు. మునక్కాయలు ఆదివారం పొద్దున్నే కోసి, ముందు వాచ్‌మన్‌కీ ఊడ్చేవాళ్లకీ ఇచ్చాక మిగతావి వచ్చినవాళ్లకు పంచుతాం.

పనసపొట్టు కూర ఎప్పుడని అడుగుతున్నవాళ్లు ఇంకొన్నేళ్లు ఓపిక పట్టాలి. ఈలోగా మళ్లీ కాలువలు కట్టేస్తారు. మన బోరు నీళ్లు ఉప్పన, లేత మొక్కలకు పోయలేం. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లయినా సరే, వారానికో రోజు బకెట్ మోయగలిగినవాళ్లు కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించండి.