మూత తెరిచే ఉంది, మూసి ఉందంటోంది

ఒరేయ్ శ్రీనూ,

నీ మెసేజ్ వచ్చి రెండు రోజులైంది, ఇవాళ తీరిక దొరికింది. మూత వేయగానే పాటలు ఆపేసే ప్రోగ్రామ్ రాస్తున్నా, మూత వేశారో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగావు కదా, పోయిన వారమంతా నేను నాన్న లాప్‌టాప్‌తో కుస్తీ పట్టింది సరిగ్గా దీని మీదే.

ఆయన మూత తెరుస్తారు, స్క్రీన్ వెలుగుతుంది, పాస్‌వర్డ్ కొట్టి పేపర్ తెరిచేసరికి, అంటే అరనిమిషంలో, మళ్ళీ నిద్రపోతుంది. షాపులో స్క్రీన్ మార్చాలన్నారట! నాన్న సరేనన్నారు కూడా, నాకు ఒళ్ళు మండింది, ఆగమని చెప్పి ఊరెళ్ళా. ఆయనది లైనక్స్, ముందు లాగిన్‌డిలో, అంటే మూత వేస్తే నిద్రపుచ్చే ప్రోగ్రామ్‌లో, మూత సెట్టింగ్‌ని ఇగ్నోర్ అని మార్చి నిద్ర ఆపా. లైనక్స్‌లో ప్రాక్ అనే ఫోల్డర్ కింద ఏసీపీఐ, బటన్, లిడ్ ఫోల్డర్లు దాటుకుంటూ వెళ్తే స్టేట్ అనే ఫైల్ ఉంటుంది. చదివితే ఒక్కటే మాట, క్లోజ్డ్. మూతేమో నా కళ్ళ ముందు బార్లా తెరిచి ఉంది.

సెన్సర్ పోయిందేమో అనుకున్నా. స్క్రీన్ అంచులో చిన్న అయస్కాంతం, కింది భాగంలో దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటాయి, అంతకు మించి ఏమీ లేదు. కీలు, స్విచ్‌ల నుంచి వచ్చే కబుర్లు చూపించే ఈవీటెస్ట్ నడుపుతూ, ఫ్రిజ్ మీది వెంకటేశ్వరస్వామి మాగ్నెట్ తీసి కీబోర్డ్ అంచు వెంబడి మెల్లగా జరిపా. ఎడమ చెయ్యి ఆనించే చోటికి రాగానే టక్కున ఒక లైన్ పడింది, ఎస్‌డబ్ల్యూ లిడ్ (మూత స్విచ్), 1 అని, అంటే మూసినట్టు. తీస్తే 0. సెన్సర్ బంగారంలా ఉంది!

తప్పంతా ఫర్మ్‌వేర్‌ది, అంటే లాప్‌టాప్ బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్‌ది. ఆ స్టేట్ ఫైల్ చదివినప్పుడు కెర్నల్, అంటే లైనక్స్ మూలభాగం, ఫర్మ్‌వేర్‌నే అడుగుతుంది, కొన్ని ఫర్మ్‌వేర్లు అప్పటికప్పుడు చూసి చెప్పకుండా పాత జవాబే ఇస్తాయి, నిద్ర లేచాక 'తెరిచారు' అన్న కబురు కూడా పంపవు. లాగిన్‌డి లేచాక 30 సెకన్లు ఓపిక పట్టి, మూత మూసే ఉందనుకుని మళ్ళీ పడుకోబెడుతుంది. బూట్ లైన్‌లో, అంటే లైనక్స్ మొదలయ్యేటప్పుడు కెర్నల్‌కి ఇచ్చే సూచనల్లో, మూత సంగతి చూసే బటన్ మాడ్యూల్‌కి లిడ్ ఇనిట్ స్టేట్‌ని ఓపెన్ అని ఇచ్చి, నిద్ర సెట్టింగ్ మళ్ళీ పెట్టేశా, సరిపోయింది. నిన్న నాన్న గంటసేపు ఆగకుండా పేపర్ చదివారు.

అందుకే చెప్తున్నా, స్థితిని ఒక్కసారి అడిగి నమ్మేయకు, మార్పు కబురు మీద ఆధారపడు. నీది విండోస్ కాబట్టి పవర్ సెట్టింగ్ నోటిఫికేషన్‌కి రిజిస్టర్ చేసుకుంటే చాలు, మూత మారినప్పుడల్లా కబురొస్తుంది. కానీ అంకెలు జాగ్రత్త, లైనక్స్ ఈవెంట్‌లో 1 అంటే మూసినట్టు, విండోస్‌లో 0 అంటే మూసినట్టు, లైనక్స్ కోడ్ చూసి విండోస్‌లో అలాగే రాస్తే తలకిందులవుతుంది. ఇంకోటి, డెస్క్‌టాప్‌కి మూతే ఉండదు, అక్కడ ఏ కబురూ రాదు, రాలేదు కదా అని మూసి ఉందనుకుని పాటలు ఆపేయకు.

ముందు ఇంట్లో ఏదైనా మాగ్నెట్ వెతికి నీ లాప్‌టాప్ అంచు మీద జరిపి చూడు. సెన్సర్ ఏ వైపు దొరికిందో ఈ రాత్రికే చెప్పు.

నీ
వాసు