సినిమాలకు ఇచ్చే చోటులో కాస్త మన గేమ్‌లకూ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

శుక్రవారం ఎంత చిన్న సినిమా వచ్చినా, రెండు రోజులకే ఎత్తేసేదైనా సరే, మీ పేపర్లో దానికి రివ్యూ ఉంటుంది. గేమ్‌ల మాట మాత్రం పిల్లలు ఫోన్లకు అలవాటుపడి చెడిపోతున్నారనే వార్తల్లో తప్ప కనపడదు. ఇది నాకు చాలా బాధగా ఉంది, అందుకే రాస్తున్నా.

నేను, ఇద్దరు స్నేహితులు రెండేళ్లు ఉద్యోగాలు చేసుకుంటూనే రాత్రుళ్లు కూర్చుని ఒక గేమ్ చేశాం. మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరే కథ. ఊరిని ఏలే దుర్మార్గుడు పాలెగాడు దాక్కుంటాడు, అమ్మవారు వేషం మార్చుకుంటూ వాణ్ని వెతుకుతుంది, బైరాగి వేషంలో వెళ్తే జనం చెప్పే మాట మాతంగి వేషంలో వెళ్తే చెప్పరు, ఏ వీధికి ఏ వేషంలో వెళ్లాలో ఆడేవాళ్లే తేల్చుకోవాలి.

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో పెట్టాం. ఫీజు 100 డాలర్లు కడితే ఎవరైనా పెట్టొచ్చు, అది మంచిదే, కానీ ఒక్క 2024లోనే అక్కడ 18 వేలకు పైగా గేమ్‌లు వచ్చాయి, అంటే రోజుకు దాదాపు యాభై. అందులో మనది ఎవరి కంట పడాలి? తర్వాత కొందామని ముందే విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవాళ్లకు రిలీజ్ రోజు మెయిల్ వెళ్తుంది కాబట్టి నెలల ముందు నుంచే పేజీ పెట్టి జనాన్ని పోగేసుకోవాలట, మేమేమో రెండు వారాల ముందు పెట్టాం. మొదటిరోజు 14 కాపీలు అమ్ముడుపోతే అందులో తొమ్మిది మావాళ్లవే. కొన్నవాళ్ల రివ్యూలు పది వస్తేగానీ రేటింగ్ కనపడదు, గేమ్ తెరిచే కోడ్, అంటే కీ, ఫ్రీగా ఇచ్చి రాయించుకుంటే లెక్కలోకి రావు. మాకు ఏడు దగ్గర ఆగింది. ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లను మా గేమ్ చూపించమని అడిగితే ఆడి చూడకుండానే రేటు చెప్పారు.

గేమ్ బాగాలేదేమో అని కూడా అనుకున్నాం. ఒక ఆదివారం పక్కింటి ఎనిమిదో తరగతి పాప ఆడింది. పాలెగాడు దొరకగానే "అమ్మా, దొరికాడు!" అని వంటింట్లోకి పరిగెత్తింది. వాళ్లమ్మ పిండి చేతులతోనే వచ్చి స్క్రీన్ చూసి "ఇది మన గంగమ్మ గుడి వీధి కదప్పా" అనింది.

అమాంగ్ అస్ అనే గేమ్ 2018లో వస్తే రెండేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 2020లో స్ట్రీమర్లు ఆన్‌లైన్‌లో లైవ్‌గా ఆడి చూపించాక ప్రపంచమంతా ఎగబడింది. ఎవరో ఒకరు చూపించాలి సార్, మన జిల్లాలో మీ పేపర్ కంటే బాగా చూపించేవాళ్లెవరు? వారానికి అర కాలమ్ చాలు, బాగాలేకపోతే బాగాలేదనే రాయండి, అదీ మాకు మేలే. రాసేవాళ్లు లేరంటే నేను రెడీ, వారానికొక తెలుగువాళ్ల గేమ్ ఆడి పంపిస్తా. మా గేమ్ గురించి మాత్రం రాయను, దాన్ని ఇంకెవరితోనైనా రాయించండి.

– ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి