మాటల్లేని దృశ్యాలకు మాటలు అతికించారు: టోపాజ్ తెలుగు ప్రతిపై ఫిర్యాదు

కర్నూలు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: టోపాజ్ (1969) తెలుగు డబ్బింగ్ ప్రతిలో చేసిన మార్పులు, తప్పుగా చూపిన నిడివి, అద్దె డబ్బు వాపసు గురించి.

అయ్యా,

ఆదివారం సాయంత్రాలు ఇక్కడ బి.క్యాంపులో మా ఇంట్లో చుట్టుపక్కల వాళ్ళం కలిసి పాత సినిమాలు చూస్తుంటాం. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళు కూడా వస్తారు. అందుకే ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన గూఢచారి సినిమా టోపాజ్ మీ యాప్‌లో తెలుగులో ఉందని చూడగానే అద్దె కట్టి అందరినీ పిలిచాను. ఈ సినిమాను మెచ్చుకునేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఇష్టం. నా దగ్గరున్న పాత డీవీడీ గీతలు పడి ఆగిపోతోంది కాబట్టి మీ ప్రతి మీద చాలా ఆశ పెట్టుకున్నాను.

మొదటి ఫిర్యాదు హార్లెం సన్నివేశం గురించి. క్యూబా నాయకుడు రికో పర్రా న్యూయార్క్‌లో హోటల్ థెరిసాలో దిగి ఉంటాడు. అతని దగ్గరున్న కాగితాలకు ఫోటోలు తీయాలి. ఫ్రెంచ్ గూఢచారి డెవరో తాను లోపలికి వెళ్ళే వీల్లేక, పూలకొట్టు నడిపే డుబ్వాను పంపిస్తాడు. తాను రోడ్డుకు ఇవతల నిలబడి చూస్తుంటాడు. కెమెరా కూడా అతనితోనే ఇవతల ఉండిపోతుంది. అద్దాల వెనక డుబ్వా పర్రా కార్యదర్శిని పట్టుకుని ఏదో చెబుతుంటాడు. బతిమాలుతున్నాడా, ఆశ పెడుతున్నాడా అన్నది మనం చేతులు, ముఖాలు చూసి పోల్చుకోవాలి. వాళ్ళ మాట ఒక్కటి కూడా మన దాకా రాదు. డెవరోకు వినపడనిది మనకూ వినపడదు. టెన్షన్ అంతా అందులోనే ఉంది.

మీ ప్రతిలో ఆ ఇద్దరూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ‘ఎంత కావాలో చెప్పు’ అని ఒకరు, ‘దొరికిపోతే నా ప్రాణం పోతుంది’ అని ఇంకొకరు. రోడ్డు అవతల, అద్దం వెనక ఉన్నవాళ్ళ గొంతులు పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినిపిస్తాయి. అసలు సినిమాలో లేని డైలాగులు ఇవి. అంతకుముందు పూలకొట్టులో డెవరో, డుబ్వా అద్దాల గదిలోకి వెళ్ళి మాట్లాడుకునే చోటా ఇదే పని చేశారు. కోపెన్‌హాగన్‌లో రష్యా అధికారి భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని తప్పించుకునే మొదటి ఘట్టం దాదాపు మాటలు లేకుండా నడుస్తుంది. అక్కడ మీరు ఒక వ్యాఖ్యాత గొంతు పెట్టి, ఎవరు ఎవరిని వెంబడిస్తున్నారో ముందే చెప్పించారు. వెనక వస్తున్న మనిషిని మనమే కనిపెట్టి ఉలిక్కిపడాల్సిన చోట అది.

ఈ సంగతి మీ చాట్‌లో రాస్తే, ప్రాంతీయ ప్రేక్షకులకు కథ సులువుగా అందడానికి మాటలు చేర్చామని జవాబు వచ్చింది. ఆ మాట నన్ను నిజంగా నొప్పించింది. సినిమా అయిపోయాక హార్లెం సన్నివేశాన్ని సౌండ్ పూర్తిగా తీసేసి మళ్ళీ వేశాను. పక్కింటి పెద్దమ్మ బడికి పోయిన మనిషి కాదు. ఆమె కాసేపు చూసి, ‘దుడ్లకు లొంగినాడు చూడు’ అంది. కర్నూలు వాళ్ళకు కళ్ళతో చూసి అర్థం చేసుకోవడం రాదని మీకు ఎవరు చెప్పారు?

రెండోది ఇంకా పెద్ద అన్యాయం. డెవరో ప్రియురాలు, క్యూబాలో అతనికి రహస్యాలు చేరవేసే హువానితాను పర్రా దగ్గరికి తీసుకుని కాల్చే ఘట్టంలో కెమెరా నేరుగా పైనుంచి చూస్తుంది. ఆమె కూలుతుంటే ఊదారంగు గౌను నేలమీద నెమ్మదిగా విచ్చుకుంటుంది. గౌనుకు దారాలు కట్టి, కెమెరాకు కనపడకుండా మనుషులు లాగారట. కంప్యూటర్ మాయలు లేని రోజుల్లో చేసిన పని అది. ఈ సినిమా నచ్చనివాళ్ళు కూడా ఆ ఒక్క షాట్‌ను మెచ్చుకుంటారు. ఆమెను ప్రేమించిన పర్రాయే చంపుతున్నాడు. ఆమె చిత్రహింసల పాలు కాకూడదని చంపుతున్నాడా, కోపంతో చంపుతున్నాడా అన్నది అతని ముఖం చూసి మనమే తేల్చుకోవాలి. మీ ప్రతిలో తుపాకీ పేలిన మరుక్షణం ప్రకటన వచ్చింది. ప్రకటన అయిపోయేసరికి గౌను పూర్తిగా పరుచుకుని ఉంది. అద్దె కట్టిన సినిమాలో ప్రకటన ఎందుకు? పెట్టినా ఆ చోటే దొరికిందా?

మూడోది నిడివి. మీ పేజీలో 143 నిమిషాలు అని రాశారు. ఆడింది సుమారు 127 నిమిషాల ప్రతి. అప్పట్లో థియేటర్లకు వచ్చింది ఈ చిన్న ప్రతే కాబట్టి దాన్ని చూపడం తప్పు కాదు. కానీ పేజీలో పెద్ద ప్రతి నిడివి రాసి చిన్నది ఇవ్వడం కొనుగోలుదారును మోసపుచ్చడమే. ముగింపు సంగతీ ఇందులోనే ఉంది. హిచ్‌కాక్ మొదట ఒక స్టేడియంలో ద్వంద్వయుద్ధంతో సినిమా ముగించాడు. ప్రివ్యూ చూసినవాళ్ళకు అది నచ్చలేదు. తర్వాత, ఫ్రాన్స్‌లో ఉంటూ రష్యాకు రహస్యాలు చేరవేసిన ద్రోహి గ్రాన్‌విల్ విమానాశ్రయంలో మాస్కో విమానం ఎక్కే ముగింపు తీశాడు. ఇంకొక దాంట్లో తలుపు మూసుకుంటుంది, లోపల తుపాకీ పేలిన శబ్దం వినిపిస్తుంది. మీరు చూపింది ఈ చివరిది. మూడింటిలో ఏది చూపిస్తున్నారో ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది.

ఇది హిచ్‌కాక్ గొప్ప సినిమాల్లో ఒకటని నేను అనను. కథ లియాన్ యూరిస్ నవలది. ఆయన రాసిచ్చిన స్క్రిప్టును పక్కన పెట్టి శామ్యూల్ టేలర్‌తో రాయించారు. షూటింగ్ మొదలయ్యేనాటికి అది పూర్తి కాలేదు. ఆ తొందర తెరమీద తెలిసిపోతుంది. 1962లో క్యూబాలో రష్యా క్షిపణులు పెట్టిన గొడవతో ఊపందుకున్న కథ క్యూబా దాటి పారిస్ చేరేసరికి చల్లబడుతుంది. భోజనాల బల్ల దగ్గర మాటలు సాగుతూనే ఉంటాయి. హీరో ఫ్రెడరిక్ స్టాఫర్డ్ అంతకుముందు ఫ్రెంచ్‌లో ఓఎస్‌ఎస్ 117 అనే గూఢచారి పాత్ర వేసినవాడే. ఇక్కడ మాత్రం బిగుసుకుపోయాడు. కృష్ణ గారి గూఢచారి 116 (1966) హుషారు ఎరిగిన మా పెద్దవాళ్ళు మొదటి అరగంటలోనే, ‘హీరో ఎప్పుడు వస్తాడు?’ అని అడిగారు. డెవరోకు భార్య మీద ఉన్న ప్రేమ, హువానిత మీద ఉన్న ప్రేమ రెండూ కథలో సరిగా కుదరలేదు.

అయినా ఈ సినిమాలో గూఢచర్యం ఎంత మురికి పనో కనిపిస్తుంది. డెవరో క్షేమంగా విమానం ఎక్కి వెళ్ళిపోతాడు. క్యూబాలో అతనికి సాయం చేసినవాళ్ళు చిత్రహింసలు పడతారు, చస్తారు. వాళ్ళు పట్టుబడటానికి కారణం కూడా ఒక రొట్టె ముక్కను నోట కరుచుకుని ఎగిరిన సముద్రపక్షి! ఇంత చిన్న సంగతితో ప్రాణాలు పోతాయని మాటల్లేకుండా చెప్పడమే ఈ సినిమా బలం. మీరు చెయ్యి పెట్టింది సరిగ్గా ఆ బలం మీదే. పారిస్ సాగతీతను ఉన్నదున్నట్టు వదిలేశారు.

కాబట్టి అదనంగా చేర్చిన డైలాగులు, వ్యాఖ్యానం తీసేసి, అసలు మాటలకు మాత్రమే తెలుగు డబ్బింగ్ ఉంచండి. అసలు ఇంగ్లీషు ఆడియోకు తెలుగు సబ్‌టైటిళ్ళు కూడా ఇవ్వండి. నిడివి, ముగింపు వివరాలు పేజీలో సరిచేయండి. మిగతా రెండు ముగింపులూ మీ దగ్గర ఉంటే విడిగా చూపండి. అద్దె సినిమాల మధ్యలో ప్రకటనలు ఆపండి. నా అద్దె డబ్బు వాపసు చేయండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అవసరమైతే కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తాను. మీ పేజీ స్క్రీన్‌షాట్, చాట్‌లో మీరిచ్చిన జవాబు, చెల్లింపు రసీదు ఈ లేఖకు జతచేశాను.

ఇట్లు,
మీ చందాదారు,
బి.క్యాంప్, కర్నూలు