లైబ్రరీకి రంగులేస్తే సరిపోయిందా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మా పేట లైబ్రరీకి రంగులేశారని, కొత్త ర్యాకులొచ్చాయని మీ పేపర్లో ఫోటోతో సహా వేశారు కదండీ, అది చూసి సంతోషంగా వెళ్తే మతిపోయింది. లావు పుస్తకాలన్నీ ఒక ర్యాకులో, సన్నవన్నీ ఇంకో ర్యాకులో పెట్టేశారు, పాడిపశువుల పుస్తకం పక్కన నాటకాలు, దాని పక్కన గ్రూప్స్ మెటీరియల్. పైగా పాత నంబర్ చీటీల మీదే లైబ్రరీ పేరున్న మెరిసే స్టిక్కర్లు అంటించేశారు, ఒకదాన్ని గోరుతో లేపి చూస్తే కింద 894.827 అని ఇంకా శుభ్రంగా కనపడుతోంది.

ఆ నంబరే కదండీ పుస్తకం అడ్రసు! పుస్తకాల్ని విషయాల వారీగా విడదీసి నంబర్లివ్వడానికి 1876లో అమెరికా లైబ్రేరియన్ డ్యూయీ పెట్టిన పద్ధతి, 500ల్లో సైన్సు, 800ల్లో సాహిత్యం, అందులో 894.827 దగ్గరికెళ్తే తెలుగు సాహిత్యమంతా ఒక్కచోటే ఉంటుంది. అది వద్దనుకుంటే మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేసిన రంగనాథన్ గారు ఇలాగే విషయాల వారీగా సర్దడానికి తయారుచేసిన కోలన్ పద్ధతి ఉంది, పాఠకుడి టైమ్ వేస్ట్ కాకూడదని ఆయన 1931లోనే సూత్రం రాశారు. ఏదో ఒక వరసంటూ ఉండాలి కదా. అక్కడున్న కుర్రాణ్ణి అడిగితే "అక్కడే ఎక్కడో ఉంటుంది, చూసుకోండి అంకుల్" అన్నాడు. అతన్ననేం లాభం, ఔట్‌సోర్సింగ్‌లో తెచ్చి కూర్చోబెట్టారు, పని ఎవరూ నేర్పలేదు. లైబ్రరీ సైన్స్ చదివిన పిల్లలు ఉద్యోగాల్లేక తిరుగుతుంటే ఇక్కడ రిటైరైన లైబ్రేరియన్ పోస్టు అలాగే ఖాళీగా ఉంచారు.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరండీ ఇది. అయ్యంకి వెంకటరమణయ్య గారు లైబ్రరీల కోసం జీవితమంతా తిరిగారు, పాతూరి నాగభూషణం గారు ఈ చుట్టుపక్కల కాలవల్లో పడవల మీద కూడా పుస్తకాలు తీసుకెళ్ళి ఇచ్చారు. అలాంటి చోట పుస్తకాల్ని షోకేసు బొమ్మల్లా సర్దుతారా? ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నాం, అది రంగులకీ ఫ్లెక్సీలకీ కాదు. అధికారులు ఫోటో దిగి వెళ్ళిపోతారు, ఒక్కరైనా ఒక పుస్తకం పేరు చెప్పి తీసిమ్మని అడిగి చూశారా?

మేం అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఆ స్టిక్కర్లు తీయించి నంబర్ల వరసలో మళ్ళీ సర్దించండి, పని తెలిసిన మనిషిని వెయ్యండి. ఇంకోటి, కేటలాగ్ కార్డులున్న చెక్క సొరుగుల బీరువా వెనక వరండాలో పడేశారు, కింది సొరుగులో కార్డులు అప్పుడే చెమ్మకి అతుక్కుపోతున్నాయి. కంప్యూటర్లోకి ఎక్కించలేదట, ఏ పుస్తకాలున్నాయో చెప్పేది ఆ కార్డులొక్కటే, వానలు మొదలయ్యేలోపు ముందు దాన్ని లోపల పెట్టించండి.

- ఒక పాఠకుడు, విజయవాడ